బాయిలో పుట్టిన ఊపిరి గొట్టము

మంచిర్యాలకు చేరువగా, గోదావరికి ఉత్తరపుటొడ్డున, నస్పూరును సీసీసీ కాలనీని ఆనుకొనియున్న శ్రీరాంపూరులో నిలిచి సముద్రగర్భమును గూర్చి ప్రసంగింపబూనుట కొందరకు వింతగా తోచవచ్చును. సముద్రము ఇచ్చటికి వందల కిలోమీటర్ల దూరమున నున్నది. ఇచ్చటి జనులు దిగునది నీటిలోనికి గాదు, ఆర్‌కే-5, ఆర్‌కే-7, ఎస్సార్పీ-1, ఎస్సార్పీ-3 అని అక్షరములతోడను అంకెలతోడను పిలువబడు బాయిలలోనికి. అయినను, విహారార్థమై సాగరమునకు దిగు నేటి డైవరు నోట కరచుకొను రెగ్యులేటరునకును, దానిని వీపుమీది సిలిండరుతో కలుపు గొట్టమునకును మూలమును వెదకుచు వెనుకకు నడచినచో, మనము చేరునది ఏ రేవుపట్టణమునో గాదు, ఒక బొగ్గుబాయిని. చరిత్రకారులు ఈ సంగతిని ఒక వాక్యములో చెప్పి దాటిపోవుదురు. బాయిబిడ్డలకు చెందవలసిన ప్రతిష్ఠ కెరటముల పాలయినదని నాకు తోచుటచేత, ఆ వాక్యమునొద్ద కొంత నిలిచి పోదలచితిని.

ఫ్రాన్సు దేశమున అవేరాన్ సీమలోని ఎస్పాలియోన్ అను ఊర పుట్టి, దెకాజ్‌విల్ బొగ్గుగనులలో ఇంజనీరుగా నుండిన బెన్వా రుకైరోల్ అను నాతడు, దుర్వాయువు నిండిన సొరంగములలో చిక్కుకొనిన కార్మికుల యొద్దకు మనుష్యుడు బ్రతికి పోయి బ్రతికి వచ్చుటకు ఉపాయము నన్వేషించి, 1860లో ఒక సాధనమునకు పేటెంటు పొందెను. వీపుమీద నొక ఇనుపపాత్రలో అదిమిన గాలి. ఆ పాత్రకు పైన నొక పలుచని రబ్బరు పొర. మనుష్యుడు ఊపిరి పీల్చగానే ఆ పొర లోనికి వంగి కవాటమును తెరచును, పీల్చుట మానగానే మూసికొనును. వచ్చు గాలి ఎల్లప్పుడును పరిసరపు ఒత్తిడికి సమానమైన ఒత్తిడితోనే వచ్చును. అడిగినప్పుడే ఇచ్చుట, అడిగినంతయే ఇచ్చుట అను నీ ధర్మమే నేటి రెగ్యులేటరులన్నిటికి ప్రాణము. నాలుగేండ్ల పిమ్మట, 1864లో, ఔగుస్త్ దనైరూజ్ అను నౌకాధికారి దానిని నీటి క్రింది పనికి మలచెను. 1870లో జూల్ వెర్న్ తన సముద్రగర్భయాత్రా నవలలో ఈ ఇరువురి పేరిటి యంత్రమును ప్రస్తావించుటతో అది జగత్ప్రసిద్ధ మయినది. అయినదేగాని, చదివినవారందరకు అది సముద్రపు వస్తువుగనే మనస్సున నాటుకొనినది.

అప్పటికి గొట్టము కొత్తది గాదు. 1830ల నుండియే ఇంగ్లండున అగస్టస్ సీబె నిర్మించిన లోహపు శిరస్త్రాణములను ధరించి డైవర్లు నీటికి దిగుచుండిరి. పడవమీద నొక పంపు, దానినుండి శిరస్త్రాణమువరకు నొక గొట్టము, అదియే వారి ఆయువు. వేడికి జిగురై చలికి పెళుసై పోవు పచ్చి రబ్బరును గంధకముతో కాచి గట్టిపరచు విధానము 1840లలో అమెరికాలో గుడ్‌ఇయర్, ఇంగ్లండులో హాంకాక్ సాధించిన మీదట గాని ఆ గొట్టము నమ్మదగిన దనిపించుకొనలేదు. పైన గొట్టము తెగినచో శిరస్త్రాణములోని గాలి వెనుకకు పరుగెత్తి, లోతునందలి నీటి ఒత్తిడి డైవరు దేహమును నలిపివేయుచుండెను. ఆ ప్రమాదమునుండి రక్షణకై గొట్టము శిరస్త్రాణమును చేరుచోట గాలిని ఒకే దిక్కున పోనిచ్చు కవాటము నమర్చిరి.

పొడవైన గొట్టమునకు గల మరియొక దోషము 1880 నవంబరున సెవర్న్ నది క్రింది రైలు సొరంగమున బయటపడినది. సొరంగమున నీరు పొంగి పని నిలిచిపోగా, దూరముననున్న యొక ఇనుప తలుపును మూయవలసివచ్చి, అలెగ్జాండర్ లాంబర్ట్ అను డైవరు చీకటిలో, కూలిన కొయ్యల నడుమ, వేయి అడుగుల దూరము నడువబూనెను. గొట్టమును వెనుకనుండి అందించుటకు ఇంకొక ఇద్దరు డైవర్లు తోడు నిలిచిరి. అయినను గాలి నిండిన ఆ గొట్టము పైకి తేలి సొరంగపు కప్పునకు ఒరసికొనుచు రాగా, తలుపు ఇంక నూరడుగుల దూరమున నుండగనే అతనికి దానిని లాగ శక్యముగాక వెనుదిరుగవలసివచ్చెను. ఆ పిమ్మట అతడు హెన్రీ ఫ్లూస్ కల్పించిన సాధనమును తగిలించుకొని పోయి ఆ తలుపును మూసివచ్చెను. ఫ్లూస్ సాధనమునకు పంపు లేదు, పైనుండి వచ్చు గొట్టము లేదు. ఆక్సిజను వీపుమీదనే యున్నది, విడిచిన ఊపిరియందలి బొగ్గుపులుసు వాయువును పొటాషు క్షారముతో తడిపిన నారలు పీల్చికొనును, శుద్ధియైన వాయువు మరల నోటికి వచ్చును. మనిషిని పైప్రపంచమునకు కట్టివేసిన గొట్టము అంతటితో తెగినది. దాని స్థానమున అతని దేహమునే చుట్టుకొను పొట్టి గొట్టములు పుట్టినవి.

గనులకు కావలసినది సరిగా నిదియే. గాలిపంపును మోసికొని సొరంగపు మలుపులు తిరుగుటెట్లు? ఫ్లూస్ మార్గమునే రాబర్ట్ డేవిస్, సీబె గోర్మన్ కంపెనీవారు వృద్ధి చేసి ‘ప్రోటో’ అను సాధనమును ఇరువదవ శతాబ్దారంభమున గనులకిచ్చిరి: వీపున ఆక్సిజను సిలిండరు, రొమ్మున క్షారముతో నిండిన శ్వాససంచి, ముక్కుకు క్లిప్పు, నోటిలో రబ్బరు మౌత్‌పీసు, దానినుండి సంచికి దిగు రెండు ముడుతల గొట్టములు, ఒకటి పీల్చుటకు, ఒకటి విడుచుటకు. జర్మనీలో ల్యూబెక్ నగరమున డ్రేగర్ కుటుంబమువారు అట్టివానినే నిర్మించుచుండిరి. 1906 మార్చి 10న ఉత్తర ఫ్రాన్సులోని కూరియేర్ గనిలో బొగ్గుధూళి ప్రేలి 1,099 మంది మరణించినప్పుడు, సరిహద్దు దాటి జర్మనీనుండి రక్షకదళములు శ్వాసయంత్రములతో వచ్చినవి. ఇరువది దినముల పిమ్మట పదుముగ్గురు, అటుపిమ్మట ఇంకొకడు, ఆ గనినుండి సజీవులై వెలువడుట చూచిన లోకమునకు, రక్షణ యన నేమో, దానికి ముందుగనే సిద్ధముగా నుండవలసిన మనుష్యులును పరికరములును ఎట్టివో తెలిసివచ్చినది. ఉత్తర అమెరికా గనులలో రక్షకులను చిరకాలము ‘డ్రేగర్‌మెన్’ అనియే పిలిచిరి.

ఇక మన సీమకు వత్తము. 1871లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందెను. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడినది. ఇల్లందునుండి కొత్తగూడెమునకు, అప్పటి ఆదిలాబాదు జిల్లాలో తాండూరు, బెల్లంపల్లి, మందమర్రి, రామకృష్ణాపురములకు, గోదావరి కావలియొడ్డున గోదావరిఖనికి బాయిలు వ్యాపించినవి. శ్రీరాంపూరు ఈ వరుసలో వెనుక వచ్చినది; అందుచేతనే దాని బాయిలలో పెక్కింటి పేర్లలో రామకృష్ణాపురపు పొడియక్షరములైన ఆర్‌కే నేటికిని నిలిచియున్నవి. తట్టా చెమ్మాసులతో బొగ్గు తీసినవారును, తరువాత యంత్రములతో తీసినవారును ఒకే శత్రువును ఎరుగుదురు: గోదావరీ లోయలోని ఈ బొగ్గునకు గాలి తగిలినంతనే తనంతట తాను వేడెక్కు గుణము గలదు. తీసిన చోట మిగిలిన బొగ్గు గాలిని పీల్చుకొని మెల్లగా కాగి, ఒకనాడు పొగయై, పిమ్మట నిప్పయి కూర్చుండును. అప్పుడు ఆ భాగమును గోడకట్టి సీలు వేయవలెను. గోడ కట్టబోవువారికి ఊపిరి కావలెను.

ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడు రంగు లేనిది, వాసన లేనిది. ఆక్సిజనుకంటె రెండువందల రెట్లకు మించిన ఆసక్తితో అది రక్తముతో కలియును. పేలుడు పిదప గనులలో చనిపోవువారిలో పెక్కండ్రు మంటవలన గాక ఈ వాయువువలననే చనిపోవుదురని ఇంగ్లండున జాన్ స్కాట్ హాల్డేన్ 1896లో వెల్లడించిన నివేదిక తేల్చినది. పంజరములోని కేనరీ పిట్టను బాయిలోనికి తీసికొనిపోయిన ఆనాటి ఆచారము అతని సలహాయే. మనుష్యునికంటె ముందు సోలు ఆ చిన్నప్రాణి తక్కిన వారికి హెచ్చరిక. అయితే పిట్ట పొమ్మని చెప్పును. పొగలో నిలిచి పని చేయుమని చెప్పలేదు. ఆ పనికి గొట్టమే తప్పదు.

బ్రిటిషు ఇండియాలో బొగ్గుగనుల రక్షణ నియమములు 1939లో వెలువడినవి. స్వతంత్ర భారతమున 1952 నాటి గనుల చట్టము క్రింద 1959లో మరల కూర్చబడి, 1985లో అన్ని గనులకు వర్తించు నియమములుగా మారినవి. వీని మూలమున రక్షణ కేంద్రములు, శిక్షణ పొందిన కార్మికులు, వారికి నియతకాలమున పునఃశిక్షణ అనునవి కంపెనీల ఔదార్యమునకు వదలిన విషయములు గాక విధులైనవి. మన దేశపు రక్షణ కేంద్రములలో మొదట ప్రోటో, ఆ తరువాత డ్రేగర్ వారి బీజీ-174, ఇప్పుడు బీజీ-4 చేతులు మారుచు వచ్చినవి. ప్రోటో రెండు గంటలు నిలుచును. 1960లలో వచ్చిన బీజీ-174 రెండు లీటర్ల సిలిండరులో 200 వాతావరణముల ఒత్తిడితో నింపిన నాలుగువందల లీటర్ల ఆక్సిజనుతో నాలుగు గంటలు నడుచును. ఇంత స్వల్పమైన ఆక్సిజనుతో ఇంత దీర్ఘకాలము నడుచుట, విడిచిన ఊపిరినే శుద్ధిచేసి తిరిగి పీల్చుటవలన గాని వేరొక విధమున సాధ్యము గాదు. బాయిలో దిగినవారు జట్టుగా సాగుదురు, ఒంటరిగా సాగరు. మంచి గాలి యున్న చోట వెనుక నొక స్థావరముండును. నాయకుడు నియతకాలమున కొకమారు అందరి మీటర్లను చూచి, అందరిలో తక్కువ ఆక్సిజను గలవాని లెక్కనే జట్టునంతటిని వెనుకకు మరల్చును.

సముద్రమున ఇంతలో కథ వేరుదారి పట్టినది. 1943లో పారిసున ఎయిర్ లిక్విడ్ సంస్థ ఇంజనీరు ఎమిల్ గాన్యాన్, నౌకాధికారి ఝాక్ కూస్తో అను ఇరువురును కలిసి, పెట్రోలు కరవునాడు బండ్లను గ్యాసుతో నడుపుటకు గాన్యాన్ చేసిన కవాటమును నీటికి మలచిరి. వారి తొలి పరీక్షలో చిక్కు గొట్టముచేతనే వచ్చినది: విడిచిన గాలి పోవు నోరు రెగ్యులేటరుకంటె పైకి వచ్చినప్పుడెల్ల గాలి ఆపనలవిగాక ప్రవహించెను, తలక్రిందులయినప్పుడు ఎంత పీల్చినను రాదయ్యెను. నీటిలో ఎత్తు మారిన ఒత్తిడి మారునని గ్రహించి, విడిచిన ఊపిరిని రెండవ గొట్టముచే వెనుకకు తెచ్చి రెగ్యులేటరు ప్రక్కనే వదలిరి. ఆ రెండవ గొట్టము అలంకారము గాదు, ఊపిరిని మోయుటకు మాత్రమే వచ్చినదియు గాదు. రెండు ద్వారములను ఒకే ఎత్తున నుంచుటకు వచ్చినది. 1952లో ఆస్ట్రేలియాలో టెడ్ ఎల్డ్రెడ్ మరియొక యడుగు వేసి, కవాటమునే నోటియొద్దకు తెచ్చెను. అందువలన వెడల్పైన ముడుతల గొట్టములు రెండును పోయి, వాని స్థానమున పరిసరపు ఒత్తిడికంటె తొమ్మిది పది వాతావరణములు హెచ్చుగా గాలిని మోయు సన్నని గట్టి గొట్టము ఒకటి నిలిచినది. నేడు మనము చిత్రములలో చూచునది దీనినే.

ఇట్లు ఒక గర్భమున పుట్టిన రెండు గొట్టములు వేరు స్వభావములు పొందినవి, వాని దోషములును వేరయినవి. డైవరు గొట్టము చీలినచో లోపలి గాలి బయటికి దూకును. బుడగలు లేచును, చప్పుడగును, ప్రక్కవాడు చూచును. సిలిండరు నిమిషములలో ఖాళీ కావచ్చును గాని మోసము జరుగదు. బాయిలోని ముడుతల గొట్టము అటువంటిది గాదు. ప్రోటో, బీజీ-174 వంటి సాధనములలో బరువైన పనిచేయుచు గట్టిగా పీల్చినప్పుడు గొట్టములోని ఒత్తిడి బయటి ఒత్తిడికంటె తగ్గును; గొట్టమున వెంట్రుకవాసి చీలిక యున్నను బయటి గాలి నిశ్శబ్దముగా లోనికి చొచ్చును. ఆ గాలిలో నున్నది వాసన లేని విషము. బుడగ లేదు, చప్పుడు లేదు, చెప్పువాడు లేడు. గని రక్షకులు గొట్టములయెడ చూపు పట్టుదలను చాదస్తమని నవ్వువారు ఈ యొక్క సంగతిని తలచికొనవలెను. బీజీ-4 చేసిన పెద్ద మార్పు ఇచ్చటనే యున్నది: అందు లోపలి ఒత్తిడిని ఎల్లప్పుడును బయటికంటె కొంచెము హెచ్చుగా నుంచుటచేత, చీలిక కలిగినను ఆక్సిజనే బయటికి పోవును, విషము లోనికి రాదు. ఆక్సిజను వృథాయగును గాని అది లెక్కకు వచ్చు నష్టము, మీటరు చెప్పును.

గొట్టమును ఎన్నుకొనుటలో నేటి డైవర్లకును గని రక్షకులకును ఉమ్మడియైన చింతలు కొన్ని కలవు. పొట్టిదైనచో తల తిప్పినప్పుడు నోటిలోని మౌత్‌పీసు లాగబడి పెదవి ప్రక్కన సందు పడును. పొడవైనచో వీపుప్రక్కన వలయమై వ్రేలాడి, బాయిలో నైనచో కప్పునకు ఆనించిన దిమ్మెకో, సముద్రములో నైనచో రాతికొనకో తగులుకొనును. ఫ్లోరిడా నీటిగుహలలో ఈదువారు తోటివానికి అందించు రెగ్యులేటరునకు సుమారు రెండు మీటర్ల గొట్టమును పెట్టుకొందురు. ఇరుకు దారిలో ఇరువురు ప్రక్కప్రక్కన పోలేరు, ఒకని వెనుక నొకడు పోవలెను గదా! వారు తలపైన కప్పు గల చోట ఈదువారు గనుక, సముద్రపు డైవర్లందరిలోను వారే బాయి మనిషికి దగ్గరి చుట్టములు. ఇక వెడల్పు సంగతి గని గొట్టమునకు ప్రత్యేకము: అల్పమైన ఒత్తిడితో ఊపిరి నడువవలెను గనుక అది సన్నమైనచో ఆయాసము హెచ్చును, నాలుగు గంటలలో మనిషిని ఆయాసమే పడగొట్టును. మెత్తని వెడల్పు గొట్టము వంచినచోట నలిగి మూసికొనకుండుటకే ఆ ముడుతలు.

ఆ ముడుతలే దాని బలహీనతయు నగుచున్నవి. రబ్బరును చంపునది పని కంటె కాలము: ఎండ, వేడి, ఓజోను. సాగిన స్థితిలోనున్న రబ్బరును ఓజోను అడ్డముగా చీల్చును. ముడుత లోయయందు చీలిక దాగియుండును, పైచూపునకు కానరాదు. అందుచేత గొట్టమును రెండు చేతుల సాగదీసి, వెలుతురున త్రిప్పుచు, ఒక్కొక్క ముడుతను విప్పి చూడవలెను. చేతికి జిగురుగా తగిలినను, పెళుసుగా మ్రోగినను, వాసన మారినను అది కాలము తీరినదనుటకు గుర్తు. వేసవిలో పగటి వేడి 45 డిగ్రీలు దాటు ఈ సీమలో రేకులకప్పు క్రింద వానిని మేకుకు వ్రేలాడదీయుట, వాని ఆయువును తగ్గించుటయే. చల్లని చీకటి గదిలో, నిప్పురవ్వలు రాల్చు మోటారులకు దూరముగా, వంచక మడువక పరచియుంచవలెను. నేటి గొట్టములలో విరివిగా వాడు ఈపీడీఎం అను కృత్రిమ రబ్బరు ఓజోనును చాల తట్టుకొనును గాని ముదిమి దానికిని తప్పదు. ప్రతి వినియోగము పిదప క్రిమిరహితము చేసి నీడన ఆరబెట్టవలెను, ఎందుకనగా విడిచిన ఊపిరి తేమ ముడుతలలో నిలిచి బూజునకు ఇల్లగును. గొట్టము కొసల ఉంగరములకు నూనె రాచుట మాత్రము ప్రాణాంతకము: ఒత్తిడిగల ఆక్సిజనుతో నూనె కలిసినచో అగ్గిపుల్ల అవసరము లేదు.

దృష్టికి అందని దానిని యంత్రము పట్టుకొనును. సాధనమును కూర్చిన పిదప గాలి నూది ఒత్తిడి నిలుచునో లేదో ఒకసారి, గాలి లాగి శూన్యమున నిలుచునో లేదో ఒకసారి చూతురు. రెండవ పరీక్ష మొదటిదాని పునరుక్తి గాదు. ఊదినప్పుడు మూసికొను చీలిక లాగినప్పుడు తెరచికొనవచ్చును, తెరచికొనునదియు మూసికొనవచ్చును. డైవరు గొట్టమున పరిశీలన ఇంకొకచోట పడును. అది విరుగునది నడుమ గాదు, లోహపు కొసయొద్ద, మాటిమాటికి వంగుచోటున. ఆ చోటును కాపాడుటకై తొడిగిన రబ్బరు తొడుగే లోపలి చీలికను దాచును. తొడుగును వెనుకకు జరిపి చూడనివాని పరీక్ష పరీక్ష గాదు.

ఒక మాట ఇచ్చట చెప్పక తప్పదు. బాయిలలో మరణములన్నియు గ్యాసువలన కలుగునవి గావు. శ్రీరాంపూరు ఎస్సార్పీ-3, 3ఏ బాయిలో 2021 నవంబరు 10న నలుగురు కార్మికులను బలిగొన్నది కూలిన కప్పు. గోదావరిఖని 7 ఎల్‌ఈపీ బాయిలో 2003 జూన్ 16న పదునేడుగురను బలిగొన్నది పొంగిన నీరు. అట్టిచోట రక్షకునికి జాకీలు, దిమ్మెలు, పంపులు ముఖ్యము. గొట్టము పెట్టెలోనే యుండవచ్చును. 2025 ఫిబ్రవరిలో శ్రీశైలము ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగము కూలి ఎనమండుగురు చిక్కుకొనినప్పుడు సింగరేణి రక్షకదళములు అక్కడికిని పోయి బురదతో పోరాడినవి. ఏండ్ల తరబడి పెట్టెలో నిద్రించు వస్తువు గావుననే గొట్టమును మార్చు విషయమున ఉపేక్ష పుట్టును: వాడనేలేదు గదా, కొత్తదిగనే యున్నది గదా అని స్టోరువారు అందురు. వాడని రబ్బరును గూడ కాలము తినుచునే యుండును. అందుచేత నిర్మాతలు చెప్పిన గడువును గొట్టము కొనిన తేదీనుండి గాక తయారైన తేదీనుండి లెక్కించుట, ఆ తేదీని గొట్టముమీదను రిజిస్టరులోను రెండుచోట్ల వ్రాయుట, జంటలో ఒకటి చెడినప్పుడు రెండవదానిని గూడ అనుమానించుట మంచి కేంద్రముల పద్ధతి. తీసివేసిన గొట్టమును ‘అభ్యాసమునకు పనికివచ్చును’ అని మూలనుంచుట నేను సమ్మతింపను. రాత్రి సైరను మ్రోగి పదిమంది ఒక్కసారి పరికరములకై చేతులు చాచినప్పుడు మూలనున్నదేదో వరుసనున్నదేదో ఎవరు చూతురు? దానిని నడుమకు కోసి, రెండు ముక్కలుగనే స్టోరునకు అప్పగించి, రిజిస్టరులో సంతకము తీసికొనవలెను.